‘కాస్త పక్కకు జరగండి, వెనుక నది పడాలి’ – చూడటానికి వచ్చినవారికి కనిపించని బెజవాడ

రాణిగారితోట రాశారు:

మా అమ్మ ఘాటు దగ్గర తోపుడు బండి మీద కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, పూలు అమ్ముతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే బండి, చక్రాలు మాత్రం రెండుసార్లు మారాయి. మొన్న దసరాకు వారం ముందు హైదరాబాద్ నుంచి మా పెద్దనాన్న కూతురు, బావగారు, వాళ్ల పాప వచ్చారు. కొండ మీద దర్శనం చేసుకుని అమ్మ బండి దగ్గరికే నేరుగా వచ్చారు. అమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను. అందరికీ కొబ్బరికాయ కొట్టి నీళ్లు ఇచ్చింది, పాపకు జడలో పూలు పెట్టింది.

తరువాత ఫొటోలు మొదలయ్యాయి. బావగారు ఫోను పట్టుకుని, “అత్తయ్యగారూ, కాస్త పక్కకు జరుగుతారా, వెనుక నది పడాలి” అన్నారు. ఆయన మంచి మనిషి, ఆ మాటలో చెడు ఏమీ లేదు. అమ్మ “అయ్యో, దానికేమి బాబూ” అంటూ బండి పిడి పట్టుకుని నాలుగడుగులు లాగింది. ఒక చక్రం రాళ్ల సందులో ఇరుక్కుంది. నేను వెళ్లి ఎత్తాను. ఫొటో చాలా బాగా వచ్చింది. నది, వెనుక బ్యారేజీ, సాయంత్రపు ఎండ, ముగ్గురి నవ్వులు. ఆ రాత్రి కుటుంబ వాట్సాప్ గుంపులో “మీ ఊరు ఎంత బాగుందో!” అని పెట్టారు. ఎంత వెతికినా అమ్మ ఆ ఫొటోలో లేదు. బండి చక్రం అంచు మాత్రం ఒక మూల కనిపించింది.

బావగారు అడిగింది ఒక్క ఫొటో కోసం. తరువాతి వారం సిబ్బంది వచ్చి అడిగింది ఉత్సవాలు ముగిసే దాకా. భక్తులు నడిచే దారిలో బండ్లు ఉండకూడదన్నారు. ఏడాది మొత్తంలో అమ్మకు నాలుగు డబ్బులు మిగిలేది ఆ రోజుల్లోనే. ఆ రోజుల్లోనే అమ్మ ఇంట్లో కూర్చుంది. రద్దీ వల్ల ప్రమాదం జరగకూడదని నాకూ తెలుసు, దానిని తప్పు పట్టను. కానీ ఎక్కడికి జరగాలో ఎవరూ చెప్పలేదు, జరగమని మాత్రం చెప్పారు.

మీ ఇళ్లలో, మీ వీధుల్లో ఇలాంటివి ఉన్నాయా? ఊరు అందంగా కనిపించాలంటే మనలో కొందరు కనిపించకూడదా? దయచేసి మీరు చూసినవే రాయండి.

---

మూడుచక్రాలు రాశారు:

చెల్లెమ్మా, మీ అమ్మగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా నా మాట కూడా వినాలి. నేను పద్నాలుగేళ్లుగా బస్టాండ్ దగ్గర ఆటో నడుపుతున్నాను. నా ఇద్దరు పిల్లల ఫీజులు ఊళ్లో వాళ్ల కిరాయిలతో కట్టలేదు, బయటి ఊళ్ల నుంచి వచ్చిన యాత్రికుల డబ్బుతో కట్టాను. భీమవరం నుంచి, ఖమ్మం నుంచి, ఒంగోలు నుంచి వస్తారు. కొండ, భవానీ ద్వీపం, ఉండవల్లి గుహలు, మంగళగిరి, ఇదీ వరుస. కరోనా రోజుల్లో ఒక్కరూ రాలేదు. అప్పుడు ఊరు ఖాళీగా, నది శుభ్రంగా ఉంది, మా ఇంట్లో పొయ్యి మీద గిన్నె కూడా ఖాళీగానే ఉంది.

కాబట్టి పర్యాటకం వల్ల కష్టం అని ఒక్క మాటలో తేల్చేయకండి. వచ్చేవాళ్లు రావాలి.

---

సంచారి రాశారు:

నేను ప్రయాణాల వీడియోలు చేస్తాను. పేరు చెప్పను, మీలో కొందరు చూసి ఉండవచ్చు. ఈ పోస్టు చదివాక నా పాత వీడియోలు రెండు మళ్లీ చూశాను.

కృష్ణా తీరం మీద చేసిన పది నిమిషాల వీడియోలో నది పేరు ఇరవైసార్లు పలికాను. మనుషులు ఎవరైనా మాట్లాడారా అని చూస్తే టికెట్టు ఇచ్చే అతను “యాభై రూపాయలు” అన్నది ఒక్కటే ఉంది. తెల్లవారుజామున ఘాటు మీద ఇద్దరు ఆడవాళ్లు ముందు రోజు జనం వదిలేసిన తడి బట్టలు ఏరి గోతాల్లో కూరుతుంటే వాళ్లు లేచి వెళ్లే దాకా అరగంట ఆగి, ఆ తరువాత చిత్రీకరించాను. ఎందుకు ఆగాను? సూర్యోదయానికి వాళ్లు అడ్డమనిపించింది. మెట్లు అంత శుభ్రంగా ఉన్నాయంటే కారణం వాళ్లే కదా. నా వీడియో కింద “ఎంత శుభ్రంగా ఉంచారో” అని ఎంతోమంది రాశారు. ఎవరు ఉంచారో నేను చూపించలేదు.

మూడుచక్రాలు గారు చెప్పిందీ నిజమే. జనం రావాలి. కానీ వచ్చినవారికి చూపే చోటు నుంచి పని చేసినవారిని తప్పించడం మాత్రం నాలాంటివాళ్ల చేతుల మీదుగానే జరుగుతోంది.

---

మెట్లదారి రాశారు:

నాది కొండ ప్రాంతం. చిట్టినగర్ సొరంగం దాటాక పైకి చూస్తే కనిపించే ఇళ్లలో మాది ఒకటి. రాత్రిపూట బయటి నుంచి వచ్చినవాళ్లు కిందనే ఆగి కొండను ఫొటో తీసుకుంటారు. “నక్షత్రాలు పరిచినట్టుంది” అని ఒకాయన అనడం నా చెవులతో విన్నాను. అందులో ఒక నక్షత్రం మా ఇంటి నలభై వాట్ల బల్బు.

మా ఇంటికి రోడ్డు నుంచి రెండు వందల పన్నెండు మెట్లు. చిన్నప్పుడు లెక్కపెట్టాను, తరువాత లెక్కపెట్టే ఓపిక పోయింది. నీళ్లు పై వరుసలకు సన్నగా వస్తాయి, కొన్ని రోజులు రావు. అప్పుడు కింద కుళాయి దగ్గర పట్టుకుని పైకి ఎక్కాలి. మా వదిన నడుము మీద ఒక బిందె, చేతిలో ఒక బకెట్. ప్రతి ముప్పై మెట్లకు ఒక చోట బిందె దించి నిలబడుతుంది. ఆ చోట్లలో గోడ నున్నగా అరిగిపోయింది, ఎందరు ఆడవాళ్లు అక్కడ చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకున్నారో. గ్యాస్ సిలిండరు పైకి తేవడానికి మోసేవారికి విడిగా డబ్బు ఇవ్వాలి. కాన్పు నొప్పులు వస్తే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కిందికి దించుతారు. నన్ను కన్నప్పుడు మా అమ్మను అలాగే దించారట.

ఇక వాన పడితే నిద్ర ఉండదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి మా వరుసలో అందరం దీపాలు వేసుకుని కూర్చున్నాం. కింద నుంచి చూసినవారికి ఆ రాత్రి కూడా కొండ అందంగానే కనిపించి ఉంటుంది.

---

భాగ్యనగరం నుంచి రాశారు:

నేను మీ ఊరికి రెండుసార్లు వచ్చాను. మెట్లదారి గారూ, మీ కొండ ఫొటో నా దగ్గర కూడా ఉంది. సిగ్గుగా ఉంది, ఇంకేమీ రాయలేను.

అయితే ఒక సందేహం. 2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు వస్తున్నాడని అహ్మదాబాద్‌లో దారి పక్కన పేదల ఇళ్లు కనిపించకుండా గోడ కట్టారు. కృష్ణలంక దగ్గర నది వెంట మీకు కట్టిన గోడ కూడా అలాంటిదేనా? మేము ఆ పక్కన నడిచాం. గోడకు ఆవల ఊరు ఉందని కూడా తెలియలేదు.

---

ఆనకట్ట1855 రాశారు:

బాబూ, ఆ పోలిక పొరపాటు. నేను నీటిపారుదల పనిలో ముప్పై రెండేళ్లు ఉన్నవాడిని. ఈ ఒక్క విషయంలో కాస్త విస్తారంగా రాస్తాను, ఓపికగా చదవండి.

కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇప్పుడు మీరు ఫొటోలు తీసుకునే ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది, డెబ్బై గేట్లు. యాత్రికులకు అది ఒక వంతెన, రాత్రి రంగు దీపాలు. డెల్టా రైతుకు అది అన్నం గిన్నె. దానికి దిగువన ఉన్న కృష్ణలంక, రాణిగారితోట, తారకరామనగర్ వాసులకు మాత్రం అది తలుపు లాంటిది, ఎప్పుడు తెరుస్తారోనని గుండెలు అరచేతిలో పెట్టుకుని చూసే తలుపు. 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. అప్పుడు ఆ లోతట్టు వీధుల జనం కట్టుబట్టలతో బయటికి వచ్చారు. 2019లో మళ్లీ ఇళ్లలోకి నీళ్లు.

ఆ గోడ కోసం అక్కడి జనం ఏళ్ల తరబడి తిరిగారు, ధర్నాలు చేశారు. విడతలు విడతలుగా కట్టారు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, అది రికార్డు. కొట్టుకువచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకున్నది కూడా అప్పుడే. అంత నీరు వచ్చినా కృష్ణలంక నిలబడిందంటే ఆ గోడ వల్లే. అహ్మదాబాద్ గోడ పేదలను కళ్ల నుంచి దాచడానికి కట్టినది. ఇది పేదలను నీటి నుంచి కాపాడటానికి కట్టినది. రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు.

---

రాణిగారితోట రాశారు:

మాస్టారూ, మీ మాట అక్షరాలా నిజం. ఆ సెప్టెంబరు రాత్రి నీరు గోడకు తగిలే చప్పుడు మా మంచం మీదికి వినిపించింది. అమ్మ గోడ వైపు తిరిగి దండం పెట్టింది. ఆ గోడ మీద ఒక్క మాట పడనివ్వను.

అయితే ఇప్పుడు ఆ గోడ పక్కన నడకదారి, మొక్కలు, దీపాలు వచ్చాయి. సాయంత్రం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కూర్చుంటారు. బాగుంది, మా పిల్లలూ ఆడుకుంటున్నారు. కానీ గోడ ఎందుకు వచ్చిందో అక్కడికి వచ్చినవాళ్లకు తెలియదు. మా ఇంట్లో ముందు గదిలో తలుపు పక్కన 2009 నీటి మరక ఇప్పటికీ ఉంది. సున్నం వేసిన ప్రతిసారీ అమ్మ అక్కడ మాత్రం వేయనివ్వదు. నేను నిలబడితే నా గడ్డం దాకా వస్తుంది. దానికి కింద జానెడు ఎడంగా 2019 మరక. బావగారి పాపను ఆ గోడ దగ్గర నిలబెట్టాను. రెండు మరకలూ దాని తల పైనే ఉన్నాయి. అది “అప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు పిన్నీ?” అని అడిగింది. ఊరు చూడటానికి వచ్చినవాళ్లలో ఆ ప్రశ్న అడిగింది అదొక్కటే.

---

సింగ్‌నగర్ రాశారు:

గోడ కృష్ణలంకను కాపాడింది. మా వైపు బుడమేరు వచ్చింది, మాకు గోడ లేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున గడప దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి మంచం ఎక్కాయి. మైలవరం కొండల వైపు నుంచి వచ్చే బుడమేరుకు గండ్లు పడ్డాయి. అసలు దాని వరదను మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలో కలపాలి, ఆ రోజు కృష్ణే నిండుగా ఉంది. పెద్దవాళ్లు దానిని ‘బెజవాడ దుఃఖదాయిని’ అని ఎందుకు అంటారో నాకు నలభై మూడేళ్ల వయసులో తెలిసింది. మేడ మీద ఐదు రాత్రులు ఉన్నాం, కింది ఇంటి వాళ్లు పదకొండు మంది మాతోనే. పాల పొట్లం ఒకటి ముగ్గురు పిల్లలకు పంచాం.

చెప్పదలచుకున్నది వరద గురించి కాదు, తరువాత నెల గురించి. అక్టోబరు 3న దసరా మొదలైంది. కొండకు దీపాలు, నదికి దీపాలు, లక్షల జనం. అమ్మవారి ఉత్సవం ఆగాలని నేను ఎప్పుడూ కోరుకోను, మా ఇంటి ఇలవేల్పు ఆమే. కానీ ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి ఇంటి ముందు పరుపులు గుట్టలుగా ఉన్నాయి, నీళ్లు తాగి ఉబ్బి, ఎండకు పగిలి. మా అబ్బాయి పదో తరగతి పుస్తకాలు ఒక్కో పేజీ విడదీసి తాడు మీద ఆరేశాడు. కుట్టు మిషను విప్పి బురద కడిగి కిరోసిన్‌లో నానబెట్టాను. పుట్టింటి నుంచి వచ్చిన చెక్క బీరువా తలుపు ఊడి చేతికి వచ్చింది. నెల క్రితం మా ఫొటోలు దేశమంతా చూసింది. ఆ నెలలో మాత్రం బెజవాడ అంటే దీపాలే. రైలు దిగినవాళ్లు అటు కొండకు వెళ్లి అటు నుంచే వెళ్లిపోయారు. సింగ్‌నగర్ వంతెన ఇవతలికి ఎవరూ రాలేదు.

వరద వచ్చినప్పుడు పడవ ఎక్కి ఫోన్లతో మమ్మల్ని చిత్రీకరించడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. బురద ఎత్తేటప్పుడు మాత్రం మేమూ, బయటి జిల్లాల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులూ, కొందరు స్వచ్ఛంద సేవకులూ ఉన్నాం. ఆ కార్మికులలో ఒకామెది కర్నూలు వైపు ఊరు. మా ఇంటి ముందు బురద ఎత్తి, మా కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, “అక్కా, మీ ఊళ్లో అమ్మవారి గుడి ఎటువైపు?” అని అడిగింది. దర్శనానికి వెళ్లే తీరిక దొరికిందో లేదో.

---

మూడుచక్రాలు రాశారు:

సింగ్‌నగర్ అక్కా, ఆ వారం నేను వంతెన దగ్గర ఆటోలో జనాన్ని చేరవేశాను, డబ్బు తీసుకోలేదు. మీ వీధి వాళ్లు ఎవరైనా ఎక్కే ఉంటారు. మీరు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

---

నదిమనిషి రాశారు:

మేము చేపలు పట్టేవాళ్లం. మా నాన్న విసురు వల వేసిన నదిలోనే నేనూ వేస్తున్నాను. పర్యాటకుల పడవలు తిరిగే చోట వల వేయవద్దంటారు, సరే. తెప్పోత్సవం ముందు పడవలు తీసేయమంటారు, సరే. వీటి కంటే మమ్మల్ని దెబ్బతీసింది ఇసుక తవ్వకం. నది అడుగున ఎక్కడ లోతు, ఎక్కడ మెరక అన్నది మా కాళ్లకు తెలిసి ఉండేది. ఇప్పుడు తెలియదు. నిన్న మోకాలి లోతు ఉన్న చోట ఇవాళ మనిషి మునుగుతాడు. స్నానానికి దిగిన పిల్లలు మునిగితే మొదట మమ్మల్నే పిలుస్తారు.

2017 నవంబరు 12 ఎవరికైనా గుర్తుందా? కృష్ణలో గోదావరి నీళ్లు కలిసే పవిత్ర సంగమం దగ్గర యాత్రికుల పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. అనుమతి లేని ప్రైవేటు పడవ అది. కార్తీక మాసం, ఆదివారం సాయంత్రం, సంగమం హారతి చూడాలని బయలుదేరినవాళ్లు. నీళ్లలోకి దూకి కొందరిని బయటికి లాగింది దగ్గర్లో ఉన్న మత్స్యకారులు. తరువాత చాలా రోజులు మమ్మల్నే అనుమానంగా చూశారు, పడవ ఉన్న ప్రతివాడూ దొంగ పడవవాడే అన్నట్టు.

ఊరు చూడటానికి వచ్చినవాళ్లు నదిని చూస్తారు. నది ఎలా ఉందో మాత్రం మమ్మల్ని అడగరు. అడిగి ఉంటే ఆ సాయంత్రం ప్రవాహం ఎటు తిరుగుతోందో, అక్కడ అంతమందితో వెళ్లవచ్చో లేదో చెప్పేవాళ్లం.

---

పొణికిచెక్క రాశారు:

కొండపల్లి నుంచి రాస్తున్నాను. మాది బొమ్మలు చేసే ఇల్లు.

ఖిల్లా చూడటానికి వచ్చినవాళ్లు కిందికి దిగి మా వీధిలో ఆగుతారు. మొదటి మాట “ఎంత?”, రెండో మాట “ఇంతా?”. అంబారీ ఏనుగు ధర చెబితే ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తోందని ఫోను చూపిస్తారు. ఆ ఫోనులో ఉన్నది అచ్చు పోసిన బొమ్మ. వివరించడానికి ఓపిక పట్టి చెబుతాను, ఇక్కడ కూడా చెబుతాను.

తెల్ల పొణికి చెక్క తేలికగా, మెత్తగా ఉంటుంది. అడవి నుంచి రావాలి, మునుపటిలా దొరకడం లేదు. తెచ్చాక బాగా ఆరబెట్టాలి, పచ్చి ఉంటే తరువాత పగుళ్లు వస్తాయి. ఏనుగు ఒంటి ముక్క వేరు, తొండం వేరు, కాళ్లు వేరు, అంబారీ వేరు. ముక్కలను అతికించేది చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో. చెవి మడత, తొండం మీద గీతలు ఆ మక్కుతోనే తీరుస్తాం. ఆరాక సుద్ద పూత. దాని మీద రంగులు. మగవాళ్లు చెక్కుతారని పుస్తకాల్లో రాస్తారు, రంగులు ఎక్కువగా వేసేది ఇళ్లలో ఆడవాళ్లు. మా అమ్మకు ఇప్పుడు దగ్గరి చూపు తగ్గింది. ఏనుగు కన్ను మాత్రం ఇంకా ఆమే పెడుతుంది. మేక వెంట్రుకల కుంచె కొన తడిపి, ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క. అది తప్పితే ముఖం మొత్తం మళ్లీ పూయాలి.

వచ్చినవాళ్లకు దుకాణంలో బొమ్మ కనిపిస్తుంది. వెనుక గదిలో సుద్ద దుమ్ములో అమ్మ దగ్గుతూ కూర్చోవడం కనిపించదు. మా తమ్ముడు ఇబ్రహీంపట్నంలో వేరే పనికి వెళ్తున్నాడు. పని నేర్పిస్తానన్నా రాలేదు, నేను బలవంతం చేయలేదు.

---

ఉండవల్లి రాశారు:

గుహల దగ్గరికి వచ్చినవాళ్లు పైకి ఎక్కి, పడుకున్న అనంతపద్మనాభుణ్ణి చూసి, పై అంతస్తు నుంచి కిందికి చూస్తూ “ఎంత పచ్చగా ఉంది” అంటారు. ఆ పచ్చదనం జరీబు భూముల్లోది, అంటే నది పక్కన ఏడాదంతా నీరు అందే భూములు. అరటి, కంద, పూలు, కూరగాయలు, ఏడాది పొడుగునా ఏదో ఒక పని ఉండేది. రాజధాని కోసం 2015లో ఈ చుట్టుపక్కల ఊళ్లలో భూ సమీకరణ జరిగింది. భూమి ఉన్నవాళ్ల సంగతి మంచో చెడో అందరూ మాట్లాడుకున్నారు. సెంటు భూమి లేక కూలికి వెళ్లే ఆడవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు, చాలా ఏళ్ల తరువాత 5,000 చేశారు. రోజూ పని దొరికే ఊళ్లో ఆ డబ్బు ఎంత తక్కువో లెక్క వేసుకోండి. మా వీధి ఆడవాళ్లు తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి దూరపు ఊళ్లకు కూలికి వెళ్తున్నారు, మిరప కోతల కాలంలో గుంటూరు అవతలి దాకా.

పాపికొండలు చూసి వచ్చిన మా మేనల్లుడు అదే మాట చెప్పాడు. పడవలో పాటలు, భోజనం, అటూ ఇటూ కొండలు. దేవీపట్నం వైపు పోలవరం కాఫర్ డ్యామ్ (ప్రాజెక్టు పని కోసం వేసిన తాత్కాలిక అడ్డుకట్ట) వల్ల నీళ్లు చేరి ఖాళీ అయిన ఊళ్ల మీదుగానే ఆ ప్రయాణం. “అక్కడ ఒక ఇంటి కప్పు కనిపించింది అత్తా, అందరూ ఫొటో తీశారు” అన్నాడు.

---

నిర్వాహకులు రాశారు:

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క మనవి: రాజకీయ పార్టీలను దూషిస్తూ వచ్చిన మూడు పోస్టులు తొలగించాం. మీ అనుభవాలు రాయండి.

---

న్యాయవిద్యార్థి రాశారు:

రాణిగారితోట అక్కా, మీ మొదటి పోస్టు దగ్గరికి తిరిగి వస్తున్నాను. బాధ చెప్పుకోవడంతో పాటు చేయగలిగిన పని ఒకటి ఉంది.

వీధి విక్రయదారుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం ముందు సర్వే చేయాలి, కనీసం ఐదేళ్లకు ఒకసారి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చే దాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఒక చోటి నుంచి మార్చాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే, పూలూ పండ్ల లాంటి పాడైపోయేవి అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. అన్నిటికంటే ముఖ్యం: పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మంది విక్రయదారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఉత్సవాల రోజుల్లో బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆ కమిటీలో కూర్చుని మీ అమ్మగారి లాంటివారే చెప్పాలి. రద్దీ లేని ఏ మలుపులో ఎన్ని బండ్లు పడతాయో ముప్పై ఏళ్లు అక్కడ నిలబడిన మనిషికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

అమ్మగారి దగ్గర సర్వే చీటీ గానీ, గుర్తింపు కార్డు గానీ, 2020 తరువాత విక్రయదారులకు ఇచ్చిన పదివేల రుణం కాగితం గానీ ఏమైనా ఉందా? మేము నలుగురు విద్యార్థులం ఆదివారం ఉదయం ఘాటు దగ్గరికి వస్తాం. కాగితాలు ఉన్నవారందరివీ రాసుకుని ఒకే అర్జీగా పెడదాం. వచ్చే దసరాకు చాలా ముందుగానే.

---

మూడుచక్రాలు రాశారు:

ఆదివారం నేను వస్తాను. ఉత్సవాల రోజుల్లో ఆటోలను ఎక్కడో ఆపేస్తే ముసలివాళ్లు అక్కడి నుంచి కాళ్లీడ్చుకుంటూ నడుస్తారు, ఆ సంగతి కూడా అర్జీలో రాయండి. మొదట నేను రాసినదాంట్లో ఒక మాట సరిదిద్దుకుంటాను. వచ్చేవాళ్లు రావాలి అన్నాను. వాళ్లు వచ్చినప్పుడు మనమూ అక్కడే ఉండాలి అని కూడా రాసి ఉండాల్సింది.

---

భాగ్యనగరం నుంచి రాశారు:

వచ్చే నెల రెండో శనివారం మా పిల్లలతో వస్తున్నాను. పొణికిచెక్క గారూ, మీ అమ్మగారు కన్ను పెట్టేటప్పుడు పిల్లలు చూడవచ్చా? బేరం ఆడను.

---

పొణికిచెక్క రాశారు:

తప్పకుండా రండి. బొమ్మల కాలనీ అని అడిగితే ఎవరైనా చెబుతారు. పదిలోపు రండి, వెలుతురు బాగున్నప్పుడే అమ్మ కన్నులు పెడుతుంది. పిల్లలను కాస్త మెల్లగా మాట్లాడమనండి, చెయ్యి కదలకూడదు.

---

సంచారి రాశారు:

నేను శనివారం కొండపల్లికి, ఆదివారం ఘాటుకు వస్తాను, కెమెరా తెస్తాను. మెట్లదారి గారూ, మీ వదినగారు ఒప్పుకుంటేనే ఆ రెండు వందల పన్నెండు మెట్లు ఆమెతో ఎక్కుతాను. బిందె నేను పట్టుకుంటాను, కెమెరా మా స్నేహితుడు పట్టుకుంటాడు.

---

మెట్లదారి రాశారు:

వదినను అడిగాను. మొదట వద్దంది. తరువాత, నీళ్లు ఏ రోజు రావో ఆ రోజే రమ్మను, వచ్చిన రోజు కాదు అంది.

---

రాణిగారితోట రాశారు:

తమ్ముడూ, కాగితాలు దొరికాయి. అమ్మను అడగగానే నిచ్చెన వేసి అటక మీదికి చెయ్యి చాపింది. 2009 తరువాత మా ఇంట్లో రేషన్ కార్డు, నా మార్కుల జాబితాలు, నాన్న మరణ ధ్రువపత్రం అన్నీ అక్కడే ఉంటాయి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి. వాటి మధ్యలో సర్వే చీటీ ఉంది. అమ్మ పేరు, బండి రకం, నిలబడే చోటు అన్నీ రాసి ఉన్నాయి. వెనుక వైపు ఎవరో పెన్సిలుతో ఏదో అంకె వేశారు.

అమ్మ చదవలేదు. చీటీ మీద తన ఫొటో చూసుకుని, “ఇందులో బండి కూడా పడింది చూడు” అంది. ఆదివారం ఏడింటికల్లా మేమిద్దరం ఘాటు దగ్గర ఉంటాం. పక్క బండ్ల వాళ్లు ఆరుగురు వస్తామన్నారు.